విజయవాడలో ఇల్లు కొనే ముందు దాని విలువ మీరే కట్టుకోవడం ఎలా?

విజయవాడలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందని తెలియగానే దాంతోపాటు ఒక అంకె కూడా మన చెవిన పడుతుంది. ఆ అంకె యజమాని చెప్పినదో, మధ్యవర్తి తన వంతు కలిపి చెప్పినదో, పక్క వీధిలో ఎవరో అంతకు అమ్మారట అన్న మాట మీద పుట్టినదో తెలియదు గాని, అక్కడి నుంచి బేరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కోటీ నలభై అన్నవారు కోటీ ముప్ఫైకి దిగితే పది లక్షలు మిగిలాయని సంతోషిస్తాము; అసలు ఆ ఇల్లు కోటీ పదిహేను చేస్తుందా అన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ గుర్తు రాదు. అందువల్ల అమ్మేవారి అంకెను పక్కన పెట్టి, మీ అంకెను మీరు కాగితం మీద వేసుకున్న తరువాతే బేరానికి కూర్చోవాలి. ఇందుకు ఇంజనీరింగ్ చదువు అక్కరలేదు. కొన్ని కాగితాలు, కొంత తిరుగుడు, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

ముందుగా కొలతలు

లెక్కలో ఇల్లు ఒక వస్తువు కాదు, రెండు. నేల ఒకటి, నేల మీది కట్టడం మరొకటి. ఊరు పెరిగితే నేల ధర పెరుగుతుంది, లేకుంటే ఉన్నచోటే ఉంటుంది. కట్టడం మాత్రం గృహప్రవేశం నాటి నుంచి తరుగుతూనే ఉంటుంది. రెండింటినీ కలిపి ఒకే ధరగా చెప్పినప్పుడు పాత కట్టడానికి కొత్త కట్టడం ధర, సందులోని నేలకు మెయిన్ రోడ్డు ధర సులువుగా అంటుకుపోతాయి. కాబట్టి ఈ రెండింటినీ విడదీయడం మీరు చేయవలసిన మొదటి పని.

యజమాని దగ్గర రిజిస్టరు దస్తావేజు నకలు, మంజూరైన ప్లాను, తాజా ఇంటి పన్ను రసీదు అడిగి తీసుకోండి. దస్తావేజు చివరి షెడ్యూలులో నాలుగు హద్దులూ, కొలతలూ, మొత్తం విస్తీర్ణమూ ఉంటాయి. మూడు సెంట్ల స్థలాన్ని నోటి మాటగా నూట యాభై గజాలు అనేయడం మామూలే. సెంటుకు 48.4 గజాలు కనుక మూడు సెంట్లు 145.2 గజాలే అవుతాయి; గజం 60 వేలు అనుకుంటే ఆ తేడా 4.8 గజాల విలువ 2 లక్షల 88 వేల రూపాయలు. టేపు పట్టుకొని నాలుగు వైపులా మీరే కొలవండి, ఉమ్మడి గోడ ఉన్నచోట సగం గోడనే లెక్కలోకి తీసుకోండి. దస్తావేజులోని విస్తీర్ణానికీ నేల మీది విస్తీర్ణానికీ తేడా వస్తే, రెండింటిలో తక్కువ ఉన్నదానికే ధర కట్టాలి.

తరువాత ప్లానును చేత పట్టుకొని ఇల్లంతా తిరగండి. ప్లానులో రెండంతస్తులు ఉండి నేల మీద మూడు కనిపిస్తే, ఆ మూడో అంతస్తుకు విలువ ఉందో లేదో తేల్చేది మీరు కాదు, నగరపాలక సంస్థ. ఇంటి పన్ను వసూలు చేస్తున్నారు కదా అని కొందరు ధైర్యం చెబుతారు; పన్ను కట్టించుకున్నంత మాత్రాన అనుమతి ఇచ్చినట్లు కాదు. గతంలో భవనాల క్రమబద్ధీకరణ పథకం కింద దరఖాస్తు చేశామంటే, దరఖాస్తు రసీదుతో సరిపెట్టుకోక, తుది ఉత్తర్వు అడగండి. ఇప్పుడు తాడిగడప మున్సిపాలిటీలో కలిసిన కానూరు, పోరంకి, యనమలకుదురు వంటి చోట్ల పంచాయతీల కాలంలో కట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి కనుక, పంచాయతీ అనుమతి ఎన్ని అంతస్తులకు ఇచ్చారో తప్పక చూడాలి. ఇంటి ముందు రోడ్డును మాస్టర్ ప్లానులో వెడల్పు చేయవలసి ఉంటే అందులో పోయే గజాలను ఇప్పుడే తీసివేయండి.

రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలు చదవడం

రాష్ట్ర రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ వెబ్‌సైటులో ప్రతి ప్రాంతానికీ ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ కనిపిస్తుంది. పట్టణంలో వార్డు, డోరు నంబరు వారీగా గజం ధర, కట్టడానికి చదరపు అడుగు ధర వేరుగా ఉంటాయి. దీనిని మార్కెట్ విలువ అన్నా, బజారులో నడిచే ధరతో దానికి నేరుగా సంబంధం లేదు. స్టాంపు డ్యూటీ వసూలు కోసం ఏర్పాటు చేసిన అంకె అది. చాలా వీధుల్లో అసలు ధర దానికన్నా ఎక్కువగా ఉంటుంది, అరుదుగా కొన్ని సందుల్లో తక్కువగానూ ఉంటుంది. అయినా దానిని రాసి పెట్టుకోండి, ఎందుకంటే రిజిస్ట్రేషను ఖర్చులు లెక్క కట్టేటప్పుడు దానినీ చూస్తారు.

అంతకన్నా పనికివచ్చేది ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. టైటిలు చూడడానికి మాత్రమే ఈసీ తీసుకోవడం అందరూ చేసే పని; ధర తెలుసుకోవడానికి తీసుకోవడం కొందరే చేస్తారు. మీరు కొనబోయే ఇంటికే కాక, అదే వీధిలోని రెండు మూడు డోరు నంబర్లకు కూడా ఈసీ తీసి చూడండి. అందులో లావాదేవీ స్వభావం రాసిన కాలమ్‌లోనే ప్రభుత్వ విలువ, దాని కింద ఇరుపక్షాలు రాసుకున్న ధర, అంటే ప్రతిఫలం, కనిపిస్తాయి. ఆ రెండూ అణా పైసలతో సహా ఒకటే అయితే, నిజమైన ధర ఆ కాగితం మీదికి ఎక్కలేదని అనుకోవచ్చు. ప్రతిఫలం ప్రభుత్వ విలువ కన్నా బాగా ఎక్కువగా, ఏ 83 లక్షల 50 వేలో అన్నట్టు విడి అంకెగా ఉంటే, అది బహుశా బ్యాంకు రుణంతో, పూర్తి చెక్కులతో జరిగిన కొనుగోలు. మీకు కావలసిన సాక్ష్యం అదే.

ఈసీలో ఇంకొక మేలైన ఆధారం టైటిల్ డీడ్స్ డిపాజిట్, అంటే బ్యాంకుకు కాగితాలు తనఖా పెట్టిన నమోదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇంటి రుణం 30 లక్షల వరకు ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, అంతకు మించితే 75 శాతం దాటకూడదు. పక్క ఇల్లు కొన్న నెలలోనే దాని మీద 70 లక్షల తనఖా నమోదై ఉంటే, బ్యాంకు దాని విలువను కనీసం 87 లక్షల 50 వేలుగా ఒప్పుకొన్నదని వెనక్కి లెక్క కట్టవచ్చు. కొన్నవారు తక్కువ రుణం తీసుకొని ఉండవచ్చు కనుక ఇది కనీస అంకె మాత్రమే. అయితే బజారు కబురు కన్నా ఇది గట్టి అంకె.

తెగిన ధరలు సేకరించడం

ఇప్పుడు వీధిలోకి వెళ్లాలి. చెప్పే ధర వేరు, తెగిన ధర వేరు. ఆన్‌లైను ప్రకటనల్లో కనిపించేవన్నీ చెప్పే ధరలే. వాటిని చూసి ఏ పేటలో ఏ మేరకు ఆశలున్నాయో తెలుసుకోవచ్చు గాని, విలువ కట్టకూడదు. గడచిన ఏడాదిలో ఆ చుట్టుపక్కల నిజంగా చేతులు మారిన మూడు ఇళ్లనో స్థలాలనో పట్టుకోండి. డాక్యుమెంటు రైటర్లు, అదే వీధిలో కొత్తగా వచ్చిన కుటుంబాలు, ఇస్త్రీ బండివారు, కిరాణా కొట్టు యజమాని మీకు చెప్పేది ఏ ఒక్క మధ్యవర్తీ చెప్పలేడు. మధ్యవర్తిని అడగవద్దని కాదు. ముగ్గురిని అడగండి, కాని ఒకరిని కొనేవారిగా, ఇంకొకరిని అదే వీధిలో ఇల్లు అమ్మదలచినవారిగా అడగండి. కొనేవారికి గజం 70 వేలని చెప్పిన వీధినే అమ్మేవారికి 55 వేలని చెప్పడం మీరే వింటారు. నిజం ఆ రెండింటి మధ్య ఉంటుంది.

ఏడాది అని గీత గీయడానికి కారణం ఉంది. ఈ ప్రాంతంలో నేల ధరలు రాజధాని వార్తలతో ఊగుతాయి. 2014లో రాజధాని ప్రకటన తరువాత ఎగసినవి 2019 తరువాత చల్లబడి, 2024 నుంచి మళ్లీ వేడెక్కాయి. అందువల్ల 2021లో తెగిన ధరను చూపి ఇప్పుడు తగ్గించమనడం ఎంత వ్యర్థమో, రాబోయే రోడ్డునో రైలునో చూపి అమ్మేవారు ఇప్పుడే పెంచమనడమూ అంతే. ఇంకా రాని దానికి ధర కట్టడం పందెం. ఇల్లు కొనడంలో దానికి చోటివ్వకండి.

దొరికిన మూడు ధరలనూ గజం లెక్కకు తెచ్చి, మీ ఇంటితో పోల్చి సర్దండి. నలభై అడుగుల రోడ్డు మీది స్థలానికీ పదిహేను అడుగుల సందులోని స్థలానికీ ఒకే గజం ధర ఉండదు, ఎందుకంటే ఎన్ని అంతస్తులు వేయవచ్చన్నది రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. తూర్పు, ఉత్తరం ముఖాలకు ధర ఎక్కువ, దక్షిణానికి తక్కువ, వీధి పోటు ఉన్నదానికి ఇంకా తక్కువ. మీకు వాస్తు మీద నమ్మకం లేకపోవచ్చు. మీరు అమ్మే రోజున కొనేవారికి ఉంటుంది కనుక తగ్గింపు అడగడం న్యాయమే. ముందు సన్నగా ఉండి లోతు ఎక్కువైన స్థలం, వంకర మూలలున్న స్థలం, కారు తిరగని సందు, ఇవన్నీ తగ్గింపుకు కారణాలే. ఒక్కొక్క లోపానికి ఇంత శాతం అని శాస్త్రం ఏదీ లేదు. ఆ లోపం ఉన్న ఇల్లూ లేని ఇల్లూ ఆ పేటలో ఎంతెంతకు తెగాయో అదే కొలబద్ద.

విజయవాడలో వీటన్నింటికన్నా ముందు చూడవలసినది నీరు. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగినప్పుడు అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, నందమూరి నగర్ వంటి కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. గోడలకు కొత్త రంగు పడినా గుర్తులు పూర్తిగా పోవు. మెట్ల కింద, మీటరు బోర్డు వెనుక, ప్రహరీ లోపలి వైపు, చెక్క తలుపుల అడుగు భాగం చూడండి. స్విచ్ బోర్డులన్నీ మామూలు ఎత్తు కన్నా పైకి మార్చి ఉంటే కారణం అడగండి. పక్కింటివారిని నీళ్లు ఏ మెట్టు వరకు వచ్చాయని అడిగితే చేత్తో చూపిస్తారు. కృష్ణ ఒడ్డున వరదను ఆపే రిటైనింగ్ గోడకు లోపల ఉన్న ఇల్లూ బయట ఉన్న ఇల్లూ వేర్వేరు సరుకులు. కొండ వాలు మీది ఇళ్లకు పట్టా సంగతితోపాటు పైనున్న రాళ్ల సంగతీ చూడాలి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. వీలైతే ఒక గట్టి వాన పడిన మరునాడు ఆ వీధికి మళ్లీ వెళ్లండి.

కట్టడానికి మిగిలిన విలువ

కట్టడం లెక్క నేల లెక్క కన్నా సులువు. అదే ఇల్లు ఈ రోజు కొత్తగా కట్టడానికి చదరపు అడుగుకు ఎంత అవుతుందో ఇద్దరు మేస్త్రీలనో ఒక సివిల్ ఇంజనీరునో అడగండి. తరువాత వయసును బట్టి తరుగు తీయాలి. పిల్లర్లు, స్లాబుతో కట్టిన ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు, చివరికి 10 శాతం పాత సామాను విలువ అని వాల్యుయర్లు (ఆస్తి విలువ కట్టే నిపుణులు) సాధారణంగా తీసుకుంటారు; అంటే ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు. 20 ఏళ్ల ఇంటికి 30 శాతం పోతుంది. వయసు తెలుసుకోవడానికి యజమాని మాట కన్నా ప్లాను మంజూరు తేదీ, మొదటి ఇంటి పన్ను, మొదటి కరెంటు కనెక్షను నమ్మదగినవి.

ఈ తరుగు ఇల్లు సవ్యంగా ఉన్నప్పటి మాట. స్లాబు కింద పెచ్చులు ఊడి ఇనుము తుప్పు కనిపిస్తే, బాత్రూము పక్క గదిలో చెమ్మ గోడ సగం వరకు ఎక్కితే మరమ్మతు ఖర్చు వేరుగా తీసివేయాలి. మన డెల్టాలో నల్లరేగడి నేలలు తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతాయి. పొలాలు పూడ్చి వేసిన కాలనీల్లో పునాది సరిగా పడకపోతే గోడలు చెబుతాయి. ప్లాస్టరు మీది సన్నని గీతలతో భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, అగ్గిపుల్ల దూరేంత వెడల్పై, గోడకు రెండు వైపులా కనిపించే పగులు ఉంటే మాత్రం ఇంజనీరును తీసుకొని వెళ్లనిదే ఒక్క రూపాయి మాట్లాడవద్దు. పైన మరో అంతస్తు వేసుకోవచ్చని ధరలో కలిపి చెబితే, ఇల్లు పిల్లర్ల మీద నిలిచిందా, గోడల మీద స్లాబు వేశారా అన్నదీ ఆయననే అడగండి. ఇంటీరియర్ పనులకు యజమాని పెట్టిన ఖర్చు ఆయన ముచ్చట. అందులో మీరు నిజంగా వాడుకునేదానికి మాత్రమే వెల కట్టండి.

లెక్క వేసి చూద్దాం

లెక్క కోసం ఊహించుకున్న అంకెలతో ఒక ఇల్లు తీసుకుందాం. 150 గజాల స్థలం, అందులో 5 గజాలు రోడ్డు వెడల్పులో పోతాయి, పైనా కిందా కలిపి 2,000 చదరపు అడుగులు, వయసు 20 ఏళ్లు. సర్దిన గజం ధర 60 వేలు అయితే 145 గజాలకు 87 లక్షలు. చదరపు అడుగుకు 1,900 చొప్పున కొత్తగా కడితే 38 లక్షలు, అందులో 30 శాతం తరుగు పోగా 26 లక్షల 60 వేలు. మరమ్మతులకు 3 లక్షలు తీసివేస్తే మొత్తం ఒక కోటీ 10 లక్షల 60 వేలు. యజమాని కోటీ నలభై అన్నాడంటే ఆ మిగతా 29 లక్షలకు ఏం చూపిస్తున్నాడో ఇప్పుడు మీరు సూటిగా అడగగలరు.

అద్దెతో ఒకసారి సరిచూడండి. రెండు పోర్షన్లకు కలిపి నెలకు 26 వేలు వస్తే ఏడాదికి 3 లక్షల 12 వేలు, అంటే మీరు కట్టిన విలువ మీద 2.8 శాతం. నివాస గృహాలకు మూడు శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. ఒకటిన్నర శాతానికి పడిపోతే, మీ గజం ధరలో ఎక్కడో ఆశ కలిసిందని అర్థం. మళ్లీ లెక్క చూసుకోండి. చెప్పిన అద్దెను యజమాని ముందు కాక, అద్దెకున్నవారిని విడిగా అడగడం మంచిది.

అపార్ట్‌మెంట్ అయితే

ఫ్లాటులో నేల కనిపించదు గాని ఉంటుంది. దస్తావేజులో విభజించని వాటాగా రాసి ఉంటుంది. 600 గజాల్లో 15 ఫ్లాట్లు సమానంగా ఉంటే ఒక్కొక్కరికి 40 గజాలు. అదే 1,200 చదరపు అడుగుల ఫ్లాటు ఒకచోట 40 గజాల వాటాతో, మరొకచోట 24 గజాల వాటాతో వస్తే, రెండింటి చదరపు అడుగు ధర పోల్చడంలో అర్థం లేదు. పదిహేను ఇరవై ఏళ్ల పాత అపార్ట్‌మెంటులో విలువ చాలావరకు ఆ వాటాదే. చెప్పే 1,200లో కారిడారు, లిఫ్టు, మెట్ల వాటా కూడా కలిసి ఉంటుంది కనుక, గోడ నుంచి గోడకు గదులు కొలిచి లోపలి విస్తీర్ణానికి ధర తిప్పి చూడండి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టులో కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే విస్తీర్ణం, రాసి తీరాలి. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో గాని, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో గాని కట్టినవాటికి ఆ నమోదు తప్పనిసరి కాదు కాబట్టి చిన్న గ్రూపు హౌసుల్లో టేపే దిక్కు. పార్కింగు దస్తావేజులో రాసి ఉందో, నోటి మాటో చూడండి.

రెండో కన్ను

మీ లెక్క అయిన తరువాత బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వాల్యుయరుకు ఫీజు ఇచ్చి సొంతంగా నివేదిక రాయించుకోండి. మీకు రుణం అక్కరలేకపోయినా ఈ ఖర్చు దండగ కాదు. నివేదికలో ప్రభుత్వ విలువ, బజారు విలువ, త్వరగా అమ్మితే వచ్చే విలువ వేర్వేరుగా ఉంటాయి. చివరిది బేరంలో బాగా పనికివస్తుంది. అమ్మేవారో మధ్యవర్తో పరిచయం చేసిన వాల్యుయరు వద్దు. రుణం తీసుకునేటట్లయితే, బ్యాంకు మీ ఒప్పందం ధరనూ తన వాల్యుయరు ధరనూ చూసి తక్కువ దాని మీదే లెక్క కడుతుందని, రిజిస్ట్రేషను ఖర్చు అందులో కలవదని గుర్తుంచుకొని చేతి డబ్బు సిద్ధం చేసుకోండి.

ఒక హెచ్చరిక ఇక్కడ అవసరం. అసైన్డు భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది), రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలోని సర్వే నంబరు, వారసుల సంతకం లేని పంపకం వంటివి ధర తగ్గించి కొనదగిన లోపాలు కావు. వాటి విలువ సున్నా. న్యాయవాది అభిప్రాయం వచ్చేవరకు పై లెక్కలన్నీ తాత్కాలికమే.

చివరి అంకె, బయానా

ఇంటి విలువ మీద పడే ఖర్చులు కలపండి. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషను ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం, ప్రభుత్వ విలువ, రాసుకున్న ప్రతిఫలం రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద. ప్రభుత్వ విలువ ప్రతిఫలం కన్నా 10 శాతానికి మించి ఎక్కువైతే, ఆ తేడాను మీ ఆదాయంగా లెక్కించి పన్ను వేసే అవకాశం ఉంది. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవారి తరఫున ఆదాయపు పన్ను, మినహాయించి ప్రభుత్వానికి కట్టవలసింది మీరే. యజమాని విదేశాల్లో ఉంటే 1 శాతం సరిపోదు, ఎక్కువ రేటు వర్తిస్తుంది. ఆడిటరును అడగకుండా డబ్బు ఇవ్వవద్దు. సగం నగదుగా ఇమ్మనే బేరంలో 20 వేలు, ఆపైన నగదు చట్టానికి విరుద్ధమన్నది అటుంచి, మీరు తిరిగి అమ్మే రోజున మీ కొనుగోలు ధర కాగితం మీద సగమే ఉంటుంది కనుక పన్ను భారమూ మీదే అవుతుంది.

ఇప్పుడు రెండు అంకెలు రాసుకోండి. మొదట చెప్పేది ఒకటి, దానికి మించి ఒక్క రూపాయి కూడా ఎక్కనిది ఇంకొకటి. రెండోది ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి, బేరం వేడిలో అది పెరగకుండా ఉండాలంటే అదే మార్గం. బేరం కుదిరితే బయానా చెక్కు ద్వారా, రాతపూర్వక ఒప్పందంతోనే ఇవ్వండి. కొలతల్లో గజాలు తగ్గితే ఒప్పుకొన్న గజం ధర చొప్పున మొత్తం తగ్గుతుందని, న్యాయవాది అభిప్రాయం ప్రతికూలంగా వచ్చినా, బ్యాంకు విలువ ఒప్పందం ధర కన్నా ఇంత శాతానికి మించి తగ్గినా బయానా ఇన్ని రోజుల్లో పూర్తిగా వెనక్కి ఇవ్వాలని ఆ శాతాన్నీ రోజులనూ అంకెల్లో నింపి, ఇరుపక్షాలూ ప్రతి పేజీ మీదా సంతకం చేసిన తరువాతే చెక్కు చేతికి ఇవ్వండి.